డ్యూటీ గోలి

మా బాపు నొప్పి గోలిని మందుల్లో లెక్కపెట్టేవాడు కాదు. ఏమేం మందులు వాడుతున్నావని డాక్టరు అడిగితే "ఏం లేవు సారు" అనేవాడు. అది అబద్ధం కాదు. జ్వరం వస్తే వేసుకునేది మందు. దగ్గు వస్తే తాగేది మందు. పనికి పోయేముందు వేసుకునేది మందు ఎలా అవుతుంది? కాళ్లకు బూట్లు, తలకు టోపీ, కడుపులోకి గోలి. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరసలో దాన్ని డ్యూటీ గోలి అనేవాళ్లు.

బొగ్గు గనిని మేం బాయి అంటాం. బాపు బాయిలో ఫిల్లరు. పేల్చిన బొగ్గును పారతో తట్టలోకి ఎత్తి, ఆ తట్టను మోసుకెళ్లి టబ్బులో, అంటే పట్టాల మీది ఇనుప బండిలో, పోయడం ఆయన పని. కప్పు తక్కువ ఎత్తులో ఉన్నచోట వంగి మోయాలి. కప్పు ఎత్తుగా ఉన్నచోట కూడా ఆయన వంగే మోసేవాడు, అలవాటు కొద్దీ. ఎనభైల మధ్యలో, నేను హైస్కూల్లో ఉండగా, ఒకరోజు ఆయన షిఫ్టు నుంచి వచ్చి నిలబడే అన్నం తిన్నాడు. కూర్చుంటే లేవలేనని భయం. నడుము కథ అప్పుడు మొదలైంది.

కంపెనీ దవాఖానలో కంపౌండర్ సాబ్ మూడు రోజులకు సరిపడా గోలీలు కాగితంలో మడిచి ఇచ్చేవాడు. ఆయన ఇంట్లో దక్కనీ మాట్లాడేవాడు, మాతో తెలుగు. రెండూ కలిసేవి.

"కాక, ఖాళీ కడుపుల ఏస్కోకు. పహలే తిను, తర్వాత గోలి."

"పొద్దుగాల ఐదింటికి ఎవడు తింటడు సాబ్?"

"చాయ్‌ల రెండు బిస్కెట్లన్న ముంచుకో."

"బిస్కెట్లు గూడ దవాఖాన్ల ఇస్తరా?"

"గోలీలిచ్చుడే ఎక్కువ. జల్ది జరుగు, ఎనుక లైనున్నది."

ఒకసారి బాపు జరగలేదు. కాగితం మడత చేతిలో పట్టుకుని అడిగాడు: "సాబ్, గీ గోలి కడుపులకు పోతది. నడుం ఏడున్నదో దానికెట్ల ఎరుక?"

"దానికి ఎరుక ఉండది కాక. నీ లెక్కనే. లోపలికి దింపుతరు, ఏడ పని చెప్తే ఆడ చేస్తది."

లైను మొత్తం నవ్వింది. బాపు కూడా నవ్వాడు. ఆ జవాబు తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మూడు రోజుల గోలీలు బాపుకు రోజున్నర వచ్చేవి. మిగతావి ల్యాంపు రూము ముందు దొరికేవి. బాయిలోకి దిగేముందు టోపీ దీపం కోసం అక్కడ వరసలో నిలబడాలి. ఆ వరసలో పొగాకు చేతులు మారేది, దాంతోపాటే గోలీలూ మారేవి. నడుము నొప్పి లేనివాళ్లు కూడా దవాఖానకు పోయి నడుము నొప్పని చెప్పి గోలీలు తెచ్చి పక్కవాళ్లకు ఇచ్చేవాళ్లు. తమకు నొప్పి వచ్చిన రోజు ఎవరో ఒకరు ఇస్తారని వాళ్లకు తెలుసు. పొద్దున ఒకటి ఇంట్లో, మధ్యాహ్నం ఒకటి లోపల బువ్వ దగ్గర. లోపల ఉక్క. ఒళ్లంతా చెమట. తాగడానికి వెంట తీసుకుపోయిన సీసాలో నీళ్లే.

మేం అమ్మను అవ్వ అనేవాళ్లం. అవ్వ ఆ గోలీలను మూత ఉన్న గాజు సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టేది, పసుపు డబ్బా తర్వాత. రోజూ పొద్దున చాయ్ సాసరు అంచున ఒక గోలి పెట్టి ఇచ్చేది. బాపు దాన్ని చూసేవాడు కూడా కాదు. చెయ్యి దానంతట అది పోయేది. ఏడేళ్లు అలా నడిచింది.

ఇక్కడ ఒక నియమం గురించి చెప్పాలి. ఆ రోజుల్లో, పని చేయలేని స్థితిలో ఉన్నాడని మెడికల్ బోర్డు రాసిస్తే, ఆ కార్మికుడు ఇంటికి పోవచ్చు, ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. దాన్ని అన్‌ఫిట్ కావడం అనేవాళ్లు. "ఫలానా ఆయన అన్‌ఫిట్ అయ్యిండట" అని సంతోషంగా చెప్పుకునేవాళ్లు. ఒక మనిషి పనికిరాకుండా పోయాడని మా వరసలో మిఠాయి పంచేవాళ్లు. వింతగా ఉందని బయటివాళ్లు అంటే మాకే వింతగా ఉండేది.

తొంభైల మొదట్లో నా బీఎస్సీ అయిపోయింది. కెమిస్ట్రీ. ఏడాదిగా ఇంట్లో ఉన్నాను. లైబ్రరీకి పోయి వచ్చేవాణ్ని. బాపు నడుము అప్పటికి పూర్తిగా చెడిపోయింది. ఎక్స్‌రేలో వెన్నుపూసలు మధ్యలో సందు లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయని డాక్టరు చెప్పాడు. బాపు బాయి నుంచి బయటికి రావాలి. నాకు నౌకరి కావాలి. ఒకే కాగితంతో రెండూ అవుతాయి. దరఖాస్తు పెట్టాం. బోర్డు తేదీ వచ్చింది.

పక్క క్వార్టర్ మామ అప్పటికే మోకాలి మీద అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన కొడుకు మోటారు సెక్షన్‌లో కుదురుకున్నాడు. అందువల్ల మామ మాట మీద మాకు గురి ఉండేది. బోర్డుకు ముందురోజు సాయంత్రం ఆయన వచ్చి, వరండాలో చాప వేయించి, బాపును పడుకోబెట్టాడు.

"బావా, డాక్టరు కాలు లేపుమంటడు. ఎంత లేపుతవు?"

"ఎంత లేస్తే అంత."

"అగో, గదే వద్దంటున్న. జానెడు లేవంగనే అరువాలె."

"నొస్తే అరుస్త."

"నొస్తది గదా?"

"నొస్తది. అరుసుడే రాదు."

"మా చెల్లె కొట్టినప్పుడు ఎట్ల అరుస్తవో గట్ల అరువు."

లోపలి నుంచి అవ్వ అంది: "నేను కొడితే అరిసే సోయి గూడ ఉండదన్నా. నువ్వు ఫికర్ చెయ్యకు."

మామ బాపు మడమ పట్టుకుని కాలు పైకి లేపాడు. జానెడు కూడా లేవలేదు. బాపు నోట్లోంచి వచ్చిన శబ్దం నేను అంతకుముందు వినలేదు. నుదుటి మీద చెమట పట్టింది. మామ కాలు దించి చేతులు దులుపుకున్నాడు.

"శెభాష్. రేపు గిట్లనే. దీనికంటె ఎక్కువ చెయ్యకు, నాటకమనుకుంటరు."

బాపు చాప మీది నుంచి లేవడానికి అరగంట పట్టింది. మామ దాన్ని కూడా మెచ్చుకున్నాడు. అప్పుడు సాయంత్రం ఆరైంది. ఆ రోజు వీక్లీ రెస్టు. పొద్దుటి గోలి బలం ఎప్పుడో దిగిపోయింది, మధ్యాహ్నం గోలి వేసుకోలేదు. ఈ లెక్క మాలో ఎవరికీ తట్టలేదు. కెమిస్ట్రీ చదివిన నాకూ తట్టలేదు.

మర్నాడు బాపు ఎప్పటిలాగే ఐదింటికి లేచాడు. స్నానం చేసి, గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకున్నాడు. అవ్వ చాయ్ ఇచ్చింది. బాపు తాగాడు. నేను ఎదురుగా కూర్చుని ఎక్స్‌రేలు సంచిలో పెడుతున్నాను. బోర్డు పది గంటలకు. తొందరగా పోయి లైనులో కూర్చోవాలని తొమ్మిదికే బస్సు దిగాం. కంపెనీ దవాఖాన గేటు దాకా కొంచెం ఎత్తు. నేను ఆయన చెయ్యి పట్టుకోబోయాను. వద్దన్నాడు.

"ఇయ్యాల నడుం మంచిగున్నదిరా" అన్నాడు.

"మంచిదే బాపు" అన్నాను.

ఇద్దరం సంతోషంగా పది అడుగులు వేశాం. అక్కడ ఆయన ఆగాడు.

"గోలి ఏస్కున్ననా?"

నాకు సాసరు గుర్తుకొచ్చింది. ఖాళీ సాసరు.

కంపౌండర్ సాబ్ కిటికీ దగ్గరికి పరుగెత్తాను. గోలి బలం ఎంతసేపు ఉంటుందని అడిగాను. "ఏడెనిమిది గంటలు. క్యోం?" అన్నాడు. చెప్పాను. ఆయన కిటికీలోంచి కొంచెం వంగి, "మీ బాపుకు చెప్పు, ఏదన్న బరువు లేపుమను" అన్నాడు. ఒక కంపౌండర్ ఇవ్వాల్సిన సలహా కాదు. ఆయన ఇచ్చాడు.

బాపు దవాఖాన మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగాడు. వరండాలో ఉన్న బెంచీని ఒక కొస పట్టుకుని ఎత్తాడు. దాని మీద కూర్చున్న ఒకాయన, ఆయనా బోర్డుకే వచ్చాడు, "ఏందే, కూసున్నోణ్ని లేపుతున్నవు, నేను ఆల్రెడీ అన్‌ఫిట్" అన్నాడు. బాపు సారీ చెప్పి నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయాడు. దాన్నీ కదిపాడు. ఆ అరగంటలో ఆయన చేసిన పని చూసినవాళ్లెవరూ ఆయన్ని అన్‌ఫిట్ అనరు.

"నొప్పి ఒస్తున్నదా?" అని అడిగాను.

"జెర జెర."

వేరే తేదీ అడుగుదామన్నాను. ఈ విడత తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదన్నాడు. అదీ నిజమే. ఇంతలో పేరు పిలిచారు. లోపలికి పోయాడు. నేను తలుపు బయట నిలబడ్డాను. ఒకే ఒక్క కేక వినపడింది. అది నిన్న సాయంత్రం విన్న శబ్దం కాదు.

బయటికి వచ్చాక చెప్పాడు. డాక్టరు కాలు లేపాడు, కాలు లేచింది. అరవాలన్న సంగతి ఆలస్యంగా గుర్తొచ్చింది. అప్పటికి డాక్టరు భుజం పట్టుకుని పక్కకు తిప్పుతున్నాడు. బాపు అప్పుడు అరిచాడు. భుజం కూడా నొప్పా అని డాక్టరు అడిగాడు. లేదు సారూ అన్నాడు.

"కాలు ఎంత లేసింది?"

"మొత్తం."

బోర్డులో ఉన్నవాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు చూసిన మనిషి ఫిట్టే.

ఇంటికి వచ్చి చెబితే అవ్వ పొయ్యి దగ్గర నిలబడి విన్నది. సీసా వైపు చూసింది. మామ మాత్రం నెత్తి కొట్టుకున్నాడు: "ఏడేండ్ల నుంచి ఒక్కపూట మర్సిపోలేదు, ఇయ్యాల ఒక్కనాడు మర్సిపోతే ఏమాయె బావా!" మర్నాడు ఫస్టు షిఫ్టు. అవ్వ చాయ్ ఇచ్చింది. సాసరు అంచున గోలి ఉంది. ఉండక తప్పదు, డ్యూటీ ఉంది కదా. ల్యాంపు రూము దగ్గర వాళ్లు బాపును నెల రోజులు "ఫిట్ దొర" అని పిలిచారు. ఆయన కూడా ఆ కథను కొత్తవాళ్లకు చెప్పి నవ్వించేవాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

నౌకరి లేకపోయాక నేను హైదరాబాద్ పొలిమేరలో ఒక గోలీల ఫ్యాక్టరీలో చేరాను. ల్యాబులో పని. ఆరు గాజు పాత్రలు, వాటిలో మనిషి ఒంటి వేడికి కాచిన ద్రావణం. ఒక్కో పాత్రలో ఒక్కో గోలి వేస్తే తెడ్లు నెమ్మదిగా తిరుగుతుంటాయి. గోలి ఎంతసేపటికి ఎంత కరిగిందో కొలిచి రాయాలి. మొదటి వారం నేను రాసింది నడుము నొప్పి గోలి గురించే. కరగవలసిన టైముకి కరిగింది. పాస్ అని సంతకం పెట్టాను.

అక్కడ పుస్తకాలుండేవి. బాపు కంపౌండర్‌ను అడిగిన ప్రశ్నకు జవాబు వాటిలో ఉంది. గోలికి నడుము ఎక్కడుందో తెలియదు. ఎవరూ చెప్పరు కూడా. అది నెత్తురులో కలిసి అన్ని చోట్లకూ పోతుంది. ఒంట్లో దెబ్బ తగిలిన చోట, అరిగిన చోట ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారవుతుంది. దానివల్ల అక్కడి నరాల కొసలు చిన్న ఒత్తిడికి కూడా పెద్దగా స్పందిస్తాయి. దాన్ని తయారు చేసే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. గోలి పోయి ఆ ఎంజైమ్‌లో అడ్డం కూర్చుంటుంది. పదార్థం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. వెన్నుపూస మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.

చిక్కు ఏమిటంటే, ఆ పదార్థం నొప్పి కోసమే పుట్టింది కాదు. కడుపు లోపలి పొరను ఆమ్లం తినకుండా కాపాడేదీ అదే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలకు పోయే నెత్తుటి దారిని మూసుకుపోకుండా చూసేదీ అదే. గోలి అక్కడా అడ్డం కూర్చుంటుంది. చెమటలు కక్కుతూ, చాలినన్ని నీళ్లు లేకుండా పనిచేసే మనిషిలో, రోజుకు రెండుసార్లు.

ఒక మందు బజారుకు ఎలా వస్తుందో కూడా చదివాను. ముందు ఎలుకలు. వేడి పళ్లెం మీద ఎలుకను నిలబెట్టి, ఎన్ని సెకన్లకు కాలు నాకుతుందో చూస్తారు. మందిచ్చి మళ్లీ నిలబెడతారు. ఎక్కువసేపు నిలబడితే మందు పనిచేసినట్టు. ఆ తర్వాత ఎక్కువ మోతాదులు ఇచ్చి ఏ అవయవం చెడిపోతుందో చూస్తారు. తర్వాత ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది మనుషులు. తర్వాత రోగులు, సగం మందికి అసలు గోలి, సగం మందికి ఉత్త గోలి, ఎవరికి ఏది అన్నది ఇచ్చేవాడికీ తెలియకుండా. వారాలు, నెలలు చూస్తారు. వాళ్లు వేళకు తింటారు. నీళ్లు తాగుతారు. తేడా వస్తే ఆపేస్తారు. ఇది మంచి పద్ధతి. ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. అందులో చాయ్‌తో గోలి మింగి బాయిలోకి దిగే మనిషి లేడు, అంతే.

సెలవు మీద ఇంటికి వచ్చి బాపుకు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే కిడ్నీలకు మంచిది కాదంటవు."

"కాదు బాపు. జ్వరం గోలి ఏస్కో. అది కిడ్నీలను ఇంతగనం చెరుపది."

"అది పోరగాండ్లది. దానికి నా నడుం ఇనది."

"అయితే పని తగ్గించు."

"తట్టకు చెప్పాల్నా, టబ్బుకు చెప్పాల్నా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఏస్కోకుంటే లేవస్తలేదు బిడ్డా" అన్నాడు.

రెండోసారి బోర్డుకు దరఖాస్తు పెడితే, కొడుక్కు నౌకరి ఇవ్వాలంటే రిటైర్మెంట్‌కు ఉండాల్సినంత సర్వీసు మిగల్లేదని తిప్పి పంపారు. అది కూడా నియమమే. మొదటి బోర్డు తర్వాత మొత్తం నాలుగేళ్లు ఆయన బాయికి పోయాడు.

ఆఖరి ఏడాది కాళ్లు వాచాయి. అన్నం సయించలేదు. పెద్ద దవాఖానలో డాక్టరు ఏమేం మందులు వాడుతున్నావని అడిగితే, "ఏం లేవు సారు" అన్నాడు. నేను చెప్పాను. డాక్టరు రాసుకుని, ఎన్నేళ్లు అని అడిగాడు. చెప్పాను. కలం ఒకసారి ఆగి, మళ్లీ రాసింది. డయాలసిస్ కొన్ని నెలలు నడిచింది. ఒక మంగళవారం పొద్దున బాపు పోయాడు.

దినాల నాడు వరండాలో అందరూ కూర్చున్నారు. మామ మాట్లాడాడు. ఆయన గొంతు మంచిది, మనిషీ మంచివాడే. "మీరంత మా బావ మర్సిపోయి గోలి మింగిండనుకుంటున్నరు. కాదు. ఎరుకుండే మింగిండు. కొడుకు బాయిల దిగొద్దని. సదువుకున్న కొడుకు బొగ్గు మొయ్యొద్దని ఫిట్ అయ్యిండు. గిసుంటి తండ్రి ఎవనికుంటడు?" అన్నాడు. ఆడవాళ్లు ఏడ్చారు. ల్యాంపు రూము వాళ్లు తలలూపారు. కొందరు నా వైపు చూశారు.

అది నిజం కాదు. దవాఖాన మెట్లు ఎక్కి దిగిన మనిషిని నేను చూశాను. ఆ బెంచీ ఎత్తినప్పుడు ఆయన మొహం చూశాను. ఆయనకు బయటికి రావాలని ఉండింది. తన నడుము కోసం, నా నౌకరి కోసం. ఒక మామూలు మనిషి మామూలు పొరపాటు చేశాడు. దానికి చొక్కా తొడిగి, దండ వేయడం ఆయనకు మర్యాద చేసినట్టని నేను అనుకోను. కానీ లేచి చెప్పలేదు. దినాల నాడు అలాంటివి చెప్పరు.

అందరూ పోయాక అవ్వ గిన్నెలు తోముతోంది. నేను నీళ్లు పోస్తున్నాను. అవ్వ అంది:

"అన్న చెప్పినట్టు ఆయనకేం ఎరుక లేదు. చాయ్‌తోని పెట్టింది నేను."

నేను ఇంకో చెంబు నీళ్లు పోశాను.

"నువ్వు గోలీల కంపెనీల చేస్తున్నవు గదా. ఒక్కటి చెప్పు. ఆనాడు నేను పెట్టిన గోలి, గదే ఆయన పానం తీసిందా?"

ఆ గోలి వల్ల ఇంకో నాలుగేళ్లు, ఆ నాలుగేళ్లలో రోజుకు రెండు. ఆ లెక్క నాకు తెలుసు. అవ్వ అడిగింది ఒక్క గోలి గురించి.

"ఒక్క గోలి సాయంత్రం వరకు ఒంట్ల నుంచి పోతదవ్వా" అన్నాను. "మూత్రంల పోతది. తెల్లారి చూస్తే దాని ఆనవాలు గూడ ఉండది."

"పుస్తకంల ఉన్నదా?"

"ఉన్నది."

"అంతేనా?"

"అంతే."

ఆమె ఇంకో గిన్నె తీసుకుంది. బూడిద చాలలేదని, పొయ్యిలోంచి కొంచెం తెమ్మంది. తెచ్చాను.